పిడికిలికి బలం, మనసుకు పగ్గం

ఇంగ్లండులోని షెఫీల్డ్ ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన నగరం. గత శతాబ్దం మధ్యకాలంలో బతుకుతెరువు వెదుక్కుంటూ యమన్ నుంచి ఎందరో ముస్లింలు అక్కడి కర్మాగారాలకు తరలివెళ్ళారు. ఆ నగరంలోనే 1974 ఫిబ్రవరి 12న ఒక యమనీ కుటుంబంలో నసీమ్ హమీద్ జన్మించాడు. తల్లిదండ్రులు చిన్న దుకాణం నడిపేవారు. వారుండే విన్‌కోబ్యాంక్ ప్రాంతంలోనే బ్రెండన్ ఇంగిల్ అనే ఐర్లండు దేశస్థుడు కుర్రవాళ్ళకు బాక్సింగ్ నేర్పేవారు. నసీమ్ ఏడేళ్ళ వయసులో ఆయన వద్ద చేరాడు.

ఇంగిల్ శిక్షణ విధానం మమ్మల్ని ఎంతగానో ఆలోచింపజేసింది. ఆయన నేలమీద గీతలు గీయించి, వాటి వెంబడి పిల్లలచేత అడుగులు వేయించేవారు. సాధనలో దెబ్బలు శరీరానికే పరిమితం కావాలి, తలపై కొట్టకూడదన్నది అక్కడి పద్ధతి. కొట్టడం కంటే తప్పించుకోవడానికే ఆయన పెద్దపీట వేశారు. జాతి, రంగు, మతం చూడకుండా పేటలోని పిల్లలందరికీ తలుపులు తెరిచి ఉంచారు. బలానికి పగ్గం వేయడమే ఆ పాఠశాలలో మొదటి పాఠం.

1992లో వృత్తి క్రీడాకారుడైన నసీమ్ 1995 సెప్టెంబరు 30న కార్డిఫ్‌లో స్టీవ్ రాబిన్సన్‌ను ఎనిమిదో రౌండులో ఓడించి, 21 ఏళ్ళకే ప్రపంచ ఫెదర్ వెయిట్ విజేత అయ్యాడు. 1997 డిసెంబరులో న్యూయార్క్‌లో కెవిన్ కెల్లీతో తలపడినప్పుడు మూడుసార్లు నేలకొరిగి కూడా లేచి, నాలుగో రౌండులో ప్రత్యర్థిని పడగొట్టాడు. తన గెలుపు అల్లాహ్ అనుగ్రహమని లోకం వింటుండగా చెప్పేవాడు. పరాయి గడ్డపై పెరుగుతున్న ముస్లిం పిల్లలకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో మేము ఊహించగలం.

అయితే అదే నోటితో అతడు ప్రత్యర్థులను ఎగతాళి చేసేవాడు. రింగ్‌లో చేతులు కిందికి వదిలి, ఎదుటివాణ్ణి వెక్కిరిస్తూ నర్తించేవాడు. ప్రేక్షకులు దానికే వెర్రెత్తిపోయేవారు. హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన హితబోధలో భూమిపై నిక్కుతూ నడవవద్దన్న మాటను దివ్యఖుర్ఆన్ భద్రపరచింది. చప్పట్ల హోరులో ఆ మాట వినిపించడం కష్టం.

1998లో ధనం విషయమై తలెత్తిన విభేదాలతో గురుశిష్యులు విడిపోయారు. తప్పు ఎవరిదని తీర్పు చెప్పడం మా పని కాదు. కానీ 2018లో ఇంగిల్ కన్నుమూసేవరకూ ఆ అగాధం పూడలేదు. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడన్నది దైవప్రవక్త (సఅసం) బోధ. ఆ మనుషులు మన ధర్మం వారే కావాలన్న షరతు అందులో లేదు. మా మదరసాలలో గ్రంథం తెరవకముందే ఉస్తాద్ పట్ల అదబ్ నేర్పేది ఇందుకే.

2001 ఏప్రిల్‌లో లాస్ వేగాస్‌లో మెక్సికో యోధుడు మార్కో ఆంటోనియో బరేరా చేతిలో నసీమ్ ఓడిపోయాడు. మొత్తం 37 పోటీల్లో అతని ఓటమి అదొక్కటే. మరుసటి ఏడాది మరొక్క పోటీ ఆడి రింగ్‌కు దూరమయ్యాడు. 2005 మేలో షెఫీల్డ్‌లో మితిమీరిన వేగంతో కారు నడిపి మరో కారును ఢీకొన్నాడు. అందులోని వ్యక్తికి పలు ఎముకలు విరిగాయి. నసీమ్ నేరం అంగీకరించాడు. 2006లో న్యాయస్థానం 15 నెలల జైలుశిక్ష విధించింది. బ్రిటన్ ప్రభుత్వం 1999లో ఇచ్చిన గౌరవ పురస్కారాన్ని కూడా వెనక్కు తీసుకుంది. ఏళ్ళు గడిచాక 2015లో అంతర్జాతీయ బాక్సింగ్ ప్రముఖుల సరసన అతనికి స్థానం లభించింది. కీర్తి తిరిగి వచ్చింది. విరిగిన ఎముకల బాధ అనుభవించింది మాత్రం వేరొకరు.

ముఖంపై కొట్టవద్దని దైవప్రవక్త (సఅసం) వారించారు. 1987లో మక్కాలో సమావేశమైన రాబితా ఆలమె ఇస్లామీ వారి ఫిఖహ్ మండలి, ప్రత్యర్థి ప్రాణానికి, అవయవాలకు ముప్పు తెచ్చే బాక్సింగ్ ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. దేహదారుఢ్యాన్ని ఇస్లాం కాదనలేదు. ఈత, పరుగు, విలువిద్య వంటివి మన పిల్లలు తప్పక నేర్వాలి. అయితే కుస్తీలో పడగొట్టేవాణ్ణి కాక, ఆగ్రహవేళ తనను తాను నిగ్రహించుకునేవాణ్ణే ప్రవక్త (సఅసం) బలవంతుడన్నారు.

నసీమ్‌ను తప్పుపట్టడానికి మేమీ వ్యాసం రాయలేదు. శిక్ష అనుభవించిన మనిషిని వేలెత్తి చూపే అర్హత ఎవరికీ లేదు. తౌబా ద్వారం అందరికీ తెరిచే ఉంది. తల్లిదండ్రులకు మా విన్నపం ఒక్కటే. మీ బిడ్డ ఏదైనా గెలిచి ఇంటికి వస్తే ముద్దాడండి. ఆ వెంటనే రెండు ప్రశ్నలు అడగండి: ఓడినవాడితో ఎలా మాట్లాడావు? నేర్పిన గురువుకు సలాం చెప్పి వచ్చావా? ఆ రెంటికీ తలెత్తి జవాబు చెప్పగలిగితే, ఆ గెలుపు బిడ్డకు మేలు చేస్తుంది, ఇన్షా అల్లాహ్.