‘సేవ్’ పెట్టెను సంఘం అవసరానికి తగినట్లు అమర్చుట

పాలు కొలిచి, వెన్న శాతం చూసి, రైతు పేరున నమోదు చేయడం ఇప్పుడు చాల సంఘాలలో కంప్యూటరు మీదనే జరుగుతున్నది. పుస్తకాల రోజుల్లో లెక్క పోవాలంటే పుస్తకమే పోవాలి. ఇప్పుడు ఒక్క మీట నొక్కితే చాలు. నిరుడు నేను తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో అదే జరిగింది.

అక్కడ పది రోజుల చెల్లింపు పట్టికను ప్రతి సాయంత్రం ఒకే పేరుతో ఫైలుగా భద్రపరుస్తున్నారు. ఆ పేరుతో ఫైలు ఇదివరకే ఉన్నది, దాని స్థానంలో దీనిని ఉంచమంటారా అని యంత్రం ప్రతిసారీ ఇంగ్లీషులో అడుగుతుంది. కార్యదర్శి గారు ప్రతిసారీ అవునంటారు. పదకొండవ తేదీ సాయంత్రం కూడ అలవాటు చొప్పున అవునన్నారు. కొత్త పట్టిక వచ్చి, ఇంకా డబ్బు చెల్లించని మొదటి పది రోజుల పట్టిక మీద కూర్చుంది. సభ్యుల పాసు పుస్తకాలు తెప్పించి మూడు రోజులు కూర్చుని లెక్క తిరిగి కట్టాము. ఒక్క గేదె మీద బ్రతికే ఒక వితంతువు పాసు పుస్తకం రాయించుకోలేదు. ఆమె ఏ పూట ఎన్ని లీటర్లు పోసిందో నోటి మాట మీద ఒప్పుకోవలసి వచ్చింది.

తప్పంతా కార్యదర్శి గారిదేనని రాయడం తేలిక. నా నివేదికలో అలా రాయలేదు. ఆ పెట్టెను సరిగా అమర్చి ఉంటే ఆయన చేత ఆ పొరపాటు జరిగేదే కాదు.

పెట్టె చేసే పని ఏమిటి?

పూర్వం ప్రతి ప్రోగ్రాము రాసేవారు ఫైలు పేరు అడిగే పెట్టెను ఎవరికి తోచినట్లు వారు తయారు చేసేవారు. 1992లో వచ్చిన విండోస్ 3.1తో అందరికీ ఉమ్మడిగా ఒకే పెట్టె లభించింది. ఒక ప్రోగ్రాములో నేర్చుకున్నవారికి మరొక దానిలోనూ అదే పనికి వస్తుంది. కనుక దానిని తీసివేసి సొంత పెట్టె కట్టడం మంచిది కాదు. ఉన్నదానిని మన పనికి సర్దుకొనవలెను.

ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటున్నది. ఈ పెట్టె దేనినీ భద్రపరచదు. ఎక్కడ, ఏ పేరుతో అని అడిగి, ఆ జవాబును ప్రోగ్రాముకు అందజేస్తుంది, అంతే. ఫైలు రాయడం ప్రోగ్రాము పని. అందువలన పెట్టె తెరవడానికి ముందు కొంత, మూసుకునే లోపల కొంత, ప్రోగ్రాము తన మాట చెప్పవచ్చును.

తెరవడానికి ముందు

డాట్‌నెట్‌లో ఈ పెట్టె పేరు సేవ్‌ఫైల్‌డైలాగ్. దానికి ముందుగా ఇవ్వదగినవి నాలుగు.

1. చోటు: ‘ఇనీషియల్ డైరెక్టరీ’ అనే గుణానికి సంఘం లెక్కల ఫోల్డరు ఇవ్వాలి. ఆ ఫోల్డరు లేకపోతే పెట్టె వేరొక చోట తెరుచుకుంటుంది. కనుక ప్రోగ్రాము ముందే దానిని సృష్టించి ఉంచాలి.

2. పేరు: ‘ఫైల్‌నేమ్’ గుణానికి ప్రోగ్రామే పేరు కట్టి ఇవ్వాలి. ఉదాహరణకు ‘చెల్లింపు 2025-04-11’ అని పట్టిక మొదలైన తేదీ వేస్తే, ఏ పది రోజుల పట్టికకు దాని పేరు వస్తుంది. మనకు అలవాటైన ఏటవాలు గీతతో తేదీ వేయరాదు. ఆ గీతను, రెండు చుక్కలను, ప్రశ్నార్థకాన్ని విండోస్ ఫైలు పేరులో అంగీకరించదు. సంవత్సరం, నెల, రోజు అనే వరుసలో వేస్తే ఫైళ్లు కాలక్రమంలో నిలుస్తాయి.

3. రకం: ‘ఫిల్టర్’, ‘డిఫాల్ట్ ఎక్స్‌టెన్షన్’ అనేవి ఫైలు రకాన్ని చూపి, పేరు చివర తగిన తోకను చేరుస్తాయి. తోక మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. ఎంచుకున్న రకానికి తగినట్లు రాయవలసినది ప్రోగ్రామే.

4. శీర్షిక: ‘టైటిల్’ గుణంలో తెలుగులోనే ‘చెల్లింపు పట్టిక భద్రపరచండి’ అని పెట్టవచ్చును.

మూసుకునే లోపల

పాత ఫైలు మీద రాయబోతే హెచ్చరించే గుణం పేరు ‘ఓవర్‌రైట్ ప్రాంప్ట్’. అది మొదటినుండి అమలులోనే ఉంటుంది. దానిని తీసివేయరాదు. అయితే రోజూ వినే హెచ్చరిక చెవికెక్కదని పైన చూశాము. అందుకు మరొక కాపలా ఉన్నది. సేవ్ నొక్కిన తర్వాత, పెట్టె మూసుకోక ముందు ‘ఫైల్ ఓకే’ అనే ఘటన జరుగుతుంది. అక్కడ ప్రోగ్రాము పాత ఫైలును తెరచి చూసి, అది వేరే పది రోజులదైతే తెలుగులో కారణం చెప్పి రద్దు చేయవచ్చును. పెట్టె తెరుచుకునే ఉంటుంది, వేరే పేరు ఇచ్చే వరకు కదలదు.

పెట్టెలో కొత్త గడులు

విండోస్ విస్టా నుండి పెట్టెలోనే టిక్కు గడి, ఎంపిక జాబితా వంటివి చేర్చే వీలు కలిగింది. దానిని ‘ఐఫైల్‌డైలాగ్ కస్టమైజ్’ అంటారు. సేవ్ బొత్తాము మీది మాటను కూడ ‘భద్రపరచు’ అని మార్చుకొనవచ్చును. డాట్‌నెట్ పెట్టె ఈ సౌకర్యాలను నేరుగా ఇవ్వదు. ప్రోగ్రామరు కొంత అదనపు శ్రమ పడాలి. దానికి పూర్వపు ‘హుక్’ పద్ధతి వాడితే కొత్త యంత్రాల మీద కూడ పెట్టె పాత రూపంలోనే కనబడుతుంది.

‘పెన్ డ్రైవులో నకలు కూడ తీయి’ అన్న ఒక్క గడి మన సంఘాలకు చాలు. గడులు ఎక్కువైతే చూసేవారు తగ్గుతారు. టిక్కు పెట్టగానే నకలు దానంతటది తయారు కాదు. పెట్టె మూసిన తర్వాత ప్రోగ్రాము ఆ టిక్కును చదివి నకలు తీయాలి. కొనేముందు ఇది ఒకసారి చేయించి చూడండి.

సంఘాలకు మనవి

ప్రోగ్రాము రాయించుకునేటప్పుడు, ఉన్నదానిని మార్పించుకునేటప్పుడు ఈ కోరికలను పాలకవర్గ తీర్మానంలో చేర్చి సరఫరాదారుకు రాసి ఇవ్వండి: చోటు, పేరు తానే పెట్టాలి; వేరే కాలపు పట్టికపై రాయనీయరాదు; నకలు తీయాలి. అమర్చిన తర్వాత కార్యదర్శి చేతనే, పాత పట్టిక పేరు కావాలని ఇప్పించి, యంత్రం అడ్డుకుంటుందో లేదో చూడండి.

ఇవన్నీ ఉన్నా, పది రోజులకొకసారి పట్టికను అచ్చు తీసి, సంతకం చేసి బీరువాలో ఉంచడం మానవద్దు. సభ్యుల పాసు పుస్తకాలు పూట పూటకూ రాయండి. ఆనాడు మమ్మల్ని గట్టెక్కించినవి అవే.