కొండదారిలో మన సహోద్యోగి: ఒక ఔత్సాహిక సైక్లిస్టు పోటీల కాలం

మన సంస్థకు చెందిన ఒక జలవిద్యుత్ కేంద్రంలో టర్బైన్ల నిర్వహణ చూసే సహోద్యోగి ఒకరు ఏప్రిల్ నుండి నవంబరు వరకు ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో భోజనం చేసిన సందర్భాలను వేళ్ల మీద లెక్కించవచ్చు. ఆయన మౌంటెన్ బైకు పోటీలలో పాల్గొంటారు. వయస్సు 46. స్వస్థలం శ్రీకాకుళం జిల్లా. ఉద్యోగరీత్యా పదకొండేళ్లుగా సత్లుజ్ లోయలో కాపురం. ఇంతవరకు ఏ పోటీలోనూ బహుమతి పొందలేదు. ఇకముందు పొందే సూచనలూ లేవని ఆయనే నవ్వుతూ చెబుతారు. పత్రికలో తన పేరు వేయకూడదన్నది ఆయన షరతు. "గెలిచినవాడి పేరు వేయండి, నాదెందుకు?" అన్నారు. గెలిచినవారి గురించి వ్రాసేవారు చాలామంది ఉన్నారు కనుకనే ఈ వ్యాసం.

ఈ క్రీడ పుట్టుక గురించి రెండు మాటలు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, మరిన్ కౌంటీ కొండలలో, కొందరు మిత్రులు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లను మట్టిదారి మీదుగా వేగంగా దించుతూ 1976 అక్టోబరులో పోటీ పెట్టుకున్నారు. దిగువకు చేరేసరికి వెనుక చక్రపు బ్రేకు వేడెక్కి అందులోని గ్రీజు కాలిపోయేదట. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరవలసి వచ్చేది. అందుచేత ఆ పోటీకి 'రీప్యాక్' అనే పేరు స్థిరపడింది. 1990లో అధికారికమైన తొలి ప్రపంచ పోటీలు డురాంగోలో జరిగాయి. 1996 అట్లాంటా ఒలింపిక్సులో క్రాస్ కంట్రీ విభాగానికి చోటు దక్కింది. మన దేశంలో హిమాచల్ కొండలు ఈ క్రీడకు పుట్టిల్లు వంటివి. 2005లో మొదలైన 'ఎం.టి.బి. హిమాలయ' అనే బహుదిన పోటీ సిమ్లా పేరును విదేశీ సైక్లిస్టులకు కూడా పరిచయం చేసింది.

మన మిత్రుని పోటీల కాలాన్ని నిర్ణయించేది పంచాంగం కాదు, నది. జూలై, ఆగస్టులలో సత్లుజ్ బురదవర్ణంతో పొంగి ప్రవహిస్తుంది. అన్ని యూనిట్లూ నిండు సామర్థ్యంతో తిరిగే రోజులవి. నీటిలో ఒండ్రు హద్దు మించితే యంత్రాలను ఆపవలసిన రోజులూ అవే. అప్పుడు సెలవు అడిగే సాహసం ఎవరూ చేయరు. చలికాలంలో నీరు తగ్గుతుంది. అప్పుడు ఒక్కొక్క యూనిట్‌నే ఆపి, ఇసుకరేణువుల ఒరిపిడికి అరిగిపోయిన రన్నరు రెక్కలను బాగుచేస్తారు. ఆ కాలంలోనూ ఆయనకు ఊపిరి సలపదు. ఇక మిగిలినవి రెండే కిటికీలు: ఏప్రిల్ నుండి జూన్ మధ్య వరకు ఒకటి, సెప్టెంబరు చివరి నుండి నవంబరు వరకు మరొకటి. ఈ రెండింటిలోనే గత సంవత్సరం తొమ్మిది పోటీలు. తొమ్మిది అంటే తొమ్మిది ప్రవేశ రుసుములు, తొమ్మిది ప్రయాణాలు, తొమ్మిది సెలవు చీటీలు!

సాధన సంగతి చెప్పాలంటే ముందు షిఫ్టుల సంగతి చెప్పాలి. ఉదయం ఆరింటికి ఏ షిఫ్టు ఉన్న వారంలో మూడింటికి ఇంటికి చేరి నాలుగింటికి సైకిలెక్కుతారు. బి షిఫ్టు వారమే మేలైనదట. తెల్లవారుజామున కొండదారి నిర్మానుష్యంగా ఉంటుంది. సి షిఫ్టు వారంలో కఠిన సాధన చేయరు. రాత్రంతా మేల్కొన్న శరీరాన్ని ఎత్తులకు తోలితే బలం రాదు, జ్వరం వస్తుందని అనుభవపూర్వకంగా చెబుతారు. మిగిలిన వారాలలో రెండు రోజులు మాత్రం ఊపిరాడనంత కష్టపడతారు. నాలుగు నిమిషాలు పూర్తి శక్తితో ఎక్కడం, నాలుగు నిమిషాలు నెమ్మదించడం, ఇలా అయిదుసార్లు. ఒక రోజు మూడు గంటల సుదీర్ఘ సవారీ. మిగతా రోజులలో తేలికగా తొక్కడమో, విశ్రాంతియో. కండరం బలపడేది తొక్కేటప్పుడు కాదు, తొక్కిన తరువాత నిద్రలో. షిఫ్టు ఉద్యోగికి దొరకనిది సరిగ్గా ఆ నిద్రే కావడం ఈ కథలోని చిక్కు.

ఆయన సైకిలును చూడటానికి ఒక సాయంత్రం వారి క్వార్టరుకు వెళ్లాను. వరండాలో బోర్లించిన సైకిలు, పక్కనే ఒక రిజిస్టరు. మన కేంద్రంలో యంత్రానికి లాగ్ పుస్తకం ఉన్నట్లే సైకిలుకూ ఉంది! చైను ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత సాగింది, బ్రేకు ప్యాడ్లు ఎప్పుడు మార్చారు, ముందు ఫోర్కులో నూనె ఎప్పుడు పోశారు, అన్నీ తేదీలతో సహా. సాగిన చైనును సకాలంలో మార్చకపోతే అది పళ్లచక్రాలను కూడా అరగదీస్తుంది. అయిదారు వందలతో పోయేది వేలల్లోకి పోతుంది. టైర్లలో ట్యూబు ఉండదు. లోపల ఒక ద్రవం పోస్తారు, చిన్న రంధ్రం పడితే అదే పూడ్చుకుంటుంది. గాలి కూడా మనం అనుకునేంత గట్టిగా కొట్టరు. కాస్త మెత్తగా ఉంటేనే టైరు రాతినీ వేరునూ పట్టుకుంటుందట. ఈ యంత్రం ఖరీదెంత అని అడిగాను. ఆయన వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెప్పారు. ఇక్కడ వ్రాయను.

వంటింట్లో ఉన్నవారికి ఆ అంకె తెలియక కాదు. పోటీ రోజున సీసాలలోకి పోసే పానకం ఆమె చేతిదే. బెల్లం, నిమ్మరసం, చిటికెడు ఉప్పు. శొంఠి మాత్రం నామమాత్రం. గంటకు పైగా సాగే పోటీలో కండరాలకు చక్కెర, చెమటతో పోయిన ఉప్పు తిరిగి అందాలి. అంగడిలో అమ్మే పొడులు చేసే పనీ అదే. ఇంత శ్రద్ధ చూపే ఆమెకు ఈ క్రీడ పట్ల ప్రీతి ఉన్నదనుకుంటే పొరపాటు. అంతకు ముందటి అక్టోబరులో ఒక దిగుడులో ముందుచక్రం రాళ్ల నడుమ చిక్కి, ఆయన హ్యాండిలు మీదుగా ఎగిరిపడ్డారు. ఎడమ జత్రువు విరిగింది. చేయి ఆరు వారాలు మెడకు వేలాడింది. "ఈసారి ఎముక విరిగితే సైకిలు అటక మీదికి వెళుతుంది అన్నయ్యగారూ. పోట్లాడను, ఏడవను. అటక ఎక్కిస్తాను, అంతే" అన్నారామె, పానకం సీసాకు మూత బిగిస్తూ.

ఆ ఆరు వారాలు ఆయన షిఫ్టులను ఎవరు చేశారు? ఈ ప్రశ్న విభాగంలో వినిపించింది, వినిపించడం న్యాయమే. సరదా ఒకరిది, శ్రమ మరొకరిది కావడం ఏ సంస్థలోనూ మంచిది కాదు. ఆయన వాదించలేదు. చేయి కుదుటపడిన తరువాత ఒక కాగితం మీద ఎవరెవరు ఎన్ని షిఫ్టులు తన బదులు చేశారో వ్రాసుకుని, ఒక్కొక్కటే తీర్చారు. మన భోగీ, ఇక్కడివారి లోహ్రీ దాదాపు ఒకే నాడు వస్తాయి. ఊరంతా మంటల చుట్టూ చేరిన ఆ రాత్రి సి షిఫ్టు ఆయనదే. మార్చి నెలాఖరుకు ఆ కాగితం మీద పేర్లన్నీ కొట్టివేయబడ్డాయి. ఏప్రిల్‌లో మళ్లీ పోటీలకు పేరు ఇచ్చారు.

మే నెలలో సిమ్లా కొండలలో జరిగిన ఒక పోటీకి నేను వెంట వెళ్లాను, సీసాలు అందించే ఉద్యోగం మీద. శనివారం ఏ షిఫ్టు ముగించుకుని నాలుగు గంటలు ప్రయాణించి చేరేసరికి పొద్దు వాలుతున్నది. తక్కినవారు దారిని రెండు రోజులుగా పరిశీలిస్తున్నారు. మనవారికి చీకటి పడేలోగా ఒక్క చుట్టు తిరిగే వ్యవధి మాత్రమే దొరికింది. దేవదారు అడవిలో నాలుగున్నర కిలోమీటర్ల చుట్టు, అలాంటివి అయిదు. ఎక్కుడు పొడుగైనది, దిగుడు కురచైనదైనా అడుగడుగునా వేర్లు, రాళ్లు. ఒకచోట ఆయన సైకిలు దిగి, చాలాసేపు రాళ్లను చూస్తూ నిలబడ్డారు. చేయి తెలియకుండానే ఎడమ భుజం మీదికి పోయింది.

ఈ పోటీలలో ఒక నియమం ఉంది. అందరికంటె ముందున్న వ్యక్తి మొదటి చుట్టుకు ఎంత సమయం తీసుకుంటాడో, అందులో 80 శాతం కంటే ఎక్కువ వెనుకబడినవారిని చుట్టు చివర ఆపివేస్తారు. ఇరుకు దారిలో వేగంగా వచ్చేవారికి వెనుకబడినవారు అడ్డు కాకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. ఆ రోజు అన్ని వయస్సుల వారినీ ఒకేసారి వదిలిపెట్టారు. కనుక మన 46 ఏళ్ల మిత్రునికి కొలబద్ద సైన్యం నుండి వచ్చిన ఒక ఇరవై రెండేళ్ల కుర్రవాడు! అతడు మొదటి చుట్టును 16 నిమిషాలలో ముగించాడు. అంటే 12 నిమిషాల 48 సెకన్లు దాటి వెనుకబడితే ఇంటిదారే. అంతకుముందు మూడు పోటీలలోనూ మనవారిని ఆఖరి చుట్టుకు ముందే ఆపివేశారు.

సీసా అందించడం చిన్న పని కాదు. నిర్ణీత స్థలంలోనే ఇవ్వాలి. రెండు వేళ్లతో మూతి దగ్గర వదులుగా పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుంటే అతడి చేతిలోకి రాదు, మరీ వదులైతే నేలపాలు. మొదటి చుట్టుకు ఆయన రెండున్నర నిమిషాలు వెనుకబడ్డారు. రెండవ చుట్టుకు సరిగ్గా అయిదు. ఈ లెక్కన నాలుగు చుట్లకు పది నిమిషాలు. అయిదవ చుట్టు దక్కినట్లే అనుకున్నాను. మూడవ చుట్టులో రావలసిన వేళకు రాలేదు. వెనుకనున్నవారు ఇద్దరు వచ్చారు, మరొకరు వచ్చారు. నా కళ్లకు ఆ రాళ్ల దిగుడే కనిపించింది. చివరకు బురద కొట్టుకున్న ముఖంతో వచ్చి, సీసా అందుకుంటూ "పంక్చరు" అని ఒక్క మాట విసిరి వెళ్లారు. పదునైన రాయి టైరును కోసిందట. ద్రవానికి లొంగని గాయం. రబ్బరు ప్లగ్గు దోపి, జేబులోని చిన్న పంపుతో గాలి కొట్టుకునేసరికి రెండు నిమిషాల పది సెకన్లు పోయాయి. ఇక తేడా 9 నిమిషాల 40 సెకన్లు.

నాలుగవ చుట్టులో జరిగింది నేను చూడలేదు. తరువాత ఆయన చెప్పినది ఇది: ఎక్కుడులో చేయగలిగినదంతా చేశారు, కాళ్లలో ఇంకేమీ మిగలలేదు. సమయం సంపాదించదగినది దిగుడులోనే. ఆ రాళ్ల దగ్గర పక్కగా ఒక సులువైన దారి ఉంది; పది పన్నెండు సెకన్లు అదనంగా తీసుకుంటుంది. మూడు చుట్లలోనూ నేరుగా దిగిన మనిషి నాలుగవసారి చేతులు వణుకుతున్నాయని గమనించి పక్కదారి పట్టారు. "సెకన్లు కావాలి, నిజమే. కానీ అటక కళ్లముందు మెదిలింది" అన్నారు.

చుట్టు చివర గడియారం పట్టుకుని నిలబడిన అధికారి చేయి సగం లేచింది, మళ్లీ దిగింది. 12 నిమిషాల 30 సెకన్లు. పద్దెనిమిది సెకన్ల తేడాతో ఆయనను పోనిచ్చారు. ఆ వెనుకే వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లను ఆపివేశారు. అయిదవ చుట్టు తొక్కేటప్పుడు దారి దాదాపు ఖాళీ; విజేతకు అప్పటికే పూలదండ పడింది. మన మిత్రుడు గమ్యం చేరేసరికి చప్పట్లు కొట్టినవారం నలుగురం. స్థానం 31. మొదట ఇంటికి ఫోను చేశారు. "అయిదూ అయ్యాయి" అన్నారు. అవతలి ప్రశ్న నాకు వినబడలేదు కానీ జవాబు వినబడింది: "రెండూ బాగానే ఉన్నాయి, కుడిదీ ఎడమదీ."

రాత్రి పదకొండింటికి టౌన్‌షిప్ చేరాము. సోమవారం ఉదయం ఆరింటికి ఆయన ఏ షిఫ్టులో ఉన్నారు. ఆ సాయంత్రం సైకిలు కడిగి, కోసుకుపోయిన టైరు విప్పి, రిజిస్టరులో తేదీ వేశారు. శరత్కాలపు కిటికీకి నాలుగు పోటీలు వ్రాసి పెట్టుకున్నారు. మూడింటికి సెలవు మంజూరైంది. నాలుగవది దసరా వారంలో పడింది. దాని మీద షిఫ్టు ఇన్‌చార్జి సంతకమూ, ఇంటివారి సమ్మతీ రెండూ రావలసి ఉంది.