బడి నాగాలు: అపోహలు – వాస్తవాలు

పండగ మర్నాడు బడిలో టీచర్ హాజరుపట్టీ తీసి పేర్లు పిలుస్తుంటే చాలా పేర్లకు జవాబు వెనక వరస నుంచి వస్తుంది. "వాళ్ల అమ్మమ్మగారి ఊరెళ్లాడు సార్." "జ్వరం సార్." "పత్తి చేనుకెళ్లింది సార్." ఎవరెందుకు రాలేదో తోటి పిల్లలకు ఇట్టే తెలుస్తుంది. పెద్దవాళ్లు మాత్రం ‘అశ్రద్ధ’ అని ఒక్క మాటతో పట్టీ మూసేస్తారు. దేశదేశాల్లో జరిగిన అధ్యయనాలు చూస్తే వెనక వరస జవాబులే నిజానికి దగ్గరగా ఉన్నాయనిపిస్తుంది.

అపోహ: నెలకు ఒకటి రెండు నాగాలు పెద్ద లెక్క కాదు

విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు. పనిదినాల్లో పదో వంతు పోగొట్టుకుంటే అమెరికాలో ఆ విద్యార్థిని దీర్ఘకాలిక గైర్హాజరు కింద లెక్కిస్తారు. ఇక్కడి లెక్కలో అది 22 రోజులు, అంటే నెలకు సుమారు రెండు. ఆంధ్రప్రదేశ్‌లో గతంలో నడిచిన అమ్మఒడి పథకం సాయానికి పెట్టిన నిబంధన 75 శాతం హాజరు. ఆ గీత దాటకుండానే 55 రోజులు మానేసే వీలుండేది. డబ్బు అందడానికి సరిపోయే హాజరు చదువు అందడానికి సరిపోతుందనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

అపోహ: పిల్లలు ఎన్ని రోజులు మానేశారో ఇంట్లోవాళ్లకు తెలియదా ఏంటి!

తెలియదు. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పరిశోధకులు టాడ్ రోజర్స్, ఏవీ ఫెలర్ ఈ సంగతే పరీక్షించారు. నాగాలు ఎక్కువగా ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఆ సంఖ్యను బాగా తక్కువగా ఊహించుకుంటున్నారని గమనించారు. 28,080 కుటుంబాలతో ప్రయోగం చేసి, కొందరి ఇళ్లకు ఏడాదిలో కొన్నిసార్లు ఉత్తరాలు పంపారు.  వాటిలో మీ అబ్బాయి ఇన్ని రోజులు రాలేదన్న లెక్క ఉంది. ఆ లెక్క అందుకున్న ఇళ్లలో దీర్ఘకాలిక గైర్హాజరు పది శాతానికి పైగా తగ్గింది. అదనంగా వచ్చిన ఒక్కో హాజరు రోజుకు అయిన ఖర్చు ఆరు డాలర్లు.

ఇంకో విశేషం: తోటి పిల్లల నాగాలతో పోల్చి చూపిన ఉత్తరానికి, ఉన్న లెక్క మాత్రమే చెప్పిన ఉత్తరానికి తేడా రాలేదు. "పక్కింటి పిల్లాణ్ని చూడు" అనే మన ఇళ్ల అలవాటు ఇక్కడ పనిచేయలేదన్నమాట!

అపోహ: బహుమతిస్తే పరుగెత్తుకుంటూ వస్తారు

వార్షికోత్సవం నాడు ‘నూరు శాతం హాజరు’కు కప్పు ఇవ్వడం చాలా బళ్లలో ఆనవాయితీ. కాలిఫోర్నియాలో 15 వేల మందికి పైగా విద్యార్థులపై దీన్ని పరీక్షించారు. వచ్చే నెలలో ఒక్క రోజూ మానకపోతే అవార్డు ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఇంకొందరికి గతంలో బాగా వచ్చినందుకు అనుకోకుండా అవార్డు ఇచ్చారు. మొదటివాళ్లలో మార్పు లేదు. రెండోవాళ్లకు ఆ తర్వాత నాగాలు పెరిగాయి! తోటివాళ్ల కంటే, బడి ఆశించిన దానికంటే ఎక్కువే వస్తున్నామన్న సంకేతం ఆ అవార్డులో వాళ్లకు కనిపించి ఉంటుందని పరిశోధకుల వివరణ. జ్వరంతోనైనా వచ్చి కప్పు గెలుచుకునే పిల్లాణ్ని చూసి చప్పట్లు కొట్టడం ఎంతవరకు సబబో ఆ అధ్యయనంలో లేదు కానీ, ఆలోచించాల్సిందే.

అపోహ: ఆడపిల్లల నాగాలకు ముఖ్య కారణం నెలసరి

ఈ మాట ఎంత సహజంగా తోస్తుందో, నేపాల్‌లోని చిత్వన్‌లో చేసిన అధ్యయనం ఫలితం అంత భిన్నంగా వచ్చింది. అక్కడ నెలసరి కారణంగా పోతున్నది ఏడాదికి అర రోజు కంటే తక్కువే. మెన్‌స్ట్రువల్ కప్పులు పంచినా హాజరు పెరగలేదు. అది ఒక్క ప్రాంతపు లెక్క. పైగా కప్పులు వాడిన అమ్మాయిలకు సౌకర్యం దొరికింది, అదేం చిన్న విషయం కాదు.

ఇక నాగాలకు ఎవరూ అనుమానించని కారణం నులిపురుగు. కెన్యాలోని బుసియాలో 1998 నుంచి 75 బళ్లలో పరిశోధకులు మైకెల్ క్రెమర్, ఎడ్వర్డ్ మిగెల్ నులిపురుగుల మాత్రల ప్రభావాన్ని పరిశీలించారు. గైర్హాజరు నాలుగో వంతు తగ్గిందని తేల్చారు. ఆ గణాంకాల మీద తర్వాత పెద్ద వాదమే నడిచింది. కాబట్టి ఫిబ్రవరిలో, ఆగస్టులో మన బళ్లలో నమిలించే ఆల్బెండజోల్ మాత్ర ఒక్కటే హాజరుపట్టీ నింపేస్తుందనడం అతి అవుతుంది.

అపోహ: కూలికి వెళ్లేవాళ్లకు చదువు విలువ తెలియదు

1991లో రంగారెడ్డి జిల్లాలో పిల్లల పని మాన్పించి బడికి పంపే పని మొదలుపెట్టిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ఈ నమ్మకానికే ఎదురెళ్లింది. పేద తల్లిదండ్రులు చదువు కోరుకుంటారని, దారి దొరక్కే ఆగుతారని ఆ ఫౌండేషన్‌ను నడిపించిన శాంతా సిన్హా బృందం వాదన. బడి వయసు దాటిపోతున్న పిల్లలను శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి చేర్చారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

కర్నూలు పడమటి మండలాల్లో ఇప్పటికీ పనా, బడా అన్న ప్రశ్న ఏటా లేస్తుంది. మిరప కోతలకు గుంటూరు వైపు బండి కదిలితే, ఇంట్లో ఎవరూ మిగలని పిల్లలు కూడా ఎక్కక తప్పదు. అలాంటివాళ్ల కోసమే సీజనల్ హాస్టళ్లు. అమ్మానాన్నలు తిరిగొచ్చేదాకా పిల్లలు అక్కడే తిని, పడుకుని, ఊరి బడికే వెళ్తారు. ఆ తలుపు బండి కదలకముందే తెరిచి ఉండాలి. వారం ఆలస్యమైతే పిల్లలు అప్పటికే మిరప చేలో ఉంటారు.