సుడిదోమ చెప్పే పాఠాలు

వ్యవసాయ డిగ్రీ తరువాత కీటకశాస్త్రంలో చేసే రెండేళ్ల ఎమ్మెస్సీలో కీటకాల శరీర నిర్మాణం, వర్గీకరణ, జీవావరణం, పురుగుమందుల విషశాస్త్రం వంటివి బోధించినా, విద్యార్థి పరిశోధకుడిగా మారేది తరగతి గదిలో కన్నా సిద్ధాంత వ్యాసం కోసం పురుగులను పెంచుతున్నప్పుడే.

వరి దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే సుడిదోమనే తీసుకుంటే, దానిని తట్టుకునే రకాలను గుర్తించడానికి ట్రేలలో వరుసలుగా మొలిపించిన నారుపై పిల్లదోమలను వదిలి, ఏ నిరోధక శక్తీ లేని తైచుంగ్ నేటివ్-1 అనే రకం దాదాపు పూర్తిగా ఎండిపోయేదాకా వేచి చూసి, అప్పుడు మిగిలిన వరుసలకు 0 నుంచి 9 వరకు మార్కులు వేస్తారు. మార్కు ఎంత తక్కువైతే మొక్క అంత గట్టిది. దోమ ఎంత రసం పీల్చిందో తెలుసుకోవడానికి మొక్క మొదట్లో రసాయనం అద్దిన వడపోత కాగితం పరిచి, దోమ విసర్జించే తీపి ద్రవం పడినచోట ఏర్పడే నీలి మచ్చల వైశాల్యాన్ని కొలుస్తారు. మామూలుగా పంటకు పీడ అయిన పురుగు ఇక్కడ చచ్చిపోతేనే పరిశోధకుడికి నష్టం.

పురుగును పెంచడమే కాదు, అది ఏదో గుర్తించడమూ ముఖ్యమే. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు మిల్లీమీటరు పొడవే ఉంటుంది కనుక, దానిని స్లయిడుపై అమర్చి సూక్ష్మదర్శినిలో చూసి గుర్తించే వర్గీకరణ నిపుణుల అవసరం తేటతెల్లమైంది. అయినా వర్గీకరణ విభాగాన్ని ఎంచుకునేవారు అరుదు.

పీహెచ్‌డీ తరువాత విశ్వవిద్యాలయాలతో పాటు రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ, బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వంటివి పరిశోధనకు వేదికలవుతాయి.