గాయానికి ఏ తేనె?

గాయమైతే తేనె రాస్తే చాలని కొందరు, అది ముసలమ్మల వైద్యమని ఇంకొందరు. కంచికచర్ల, నందిగామ పల్లెల్లో ఈ రెండూ వినిపించే మాటలే. ముందుగా రెండోదే తప్పు. తెలుగు నేత కుటుంబాలు తరాలుగా స్థిరపడిన షోలాపూర్‌లో సర్జన్ ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది కాలిన రోగుల్లో సగం మందికి తేనె, సగం మందికి సిల్వర్ సల్ఫాడయాజిన్ అనే మందు వాడి, 1991లో ఫలితాలు ప్రచురించారు. క్రిములు చేరిన గాయాల్లో వారంలోపు శుభ్రపడినవి తేనెతో 91 శాతం, ఆ మందుతో 7 శాతం. ఒకే చోటి ఫలితాలను అంతగా నమ్మవచ్చా అన్న ప్రశ్న న్యాయమైనదే. 2015లో కాక్రేన్ సమీక్ష 26 ప్రయోగాలను జల్లెడ పట్టి, లోతు తక్కువ కాలిన గాయాలు మామూలు డ్రెస్సింగుల కన్నా తేనెతో నాలుగైదు రోజులు ముందే మానుతాయని తేల్చింది. షుగరు పుండ్ల విషయంలో మాత్రం మేలు రుజువు కాలేదంది.

తేనెలో నీరు సుమారు 18 శాతమే. అందుకే క్రిముల్లోని తేమను లాగేస్తుంది, పైగా దానికి ఆమ్ల గుణం ఉంది. గాయపు తడి తగిలినప్పుడు అందులోని ఎంజైము కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది. పంచదార పాకానికీ తేమ లాగే గుణముంది, ఎంజైము లేదు. మరి మన సీసాలో ఉన్నది ఏది? 2020లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) అనే సంస్థ 13 తేనె బ్రాండ్లను పరీక్షిస్తే అన్ని పరీక్షలూ నెగ్గినవి మూడే. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు. ఏమైనా, నీళ్లలో చుక్క వేసి చూడటం, పేరుకుంటే కల్తీ అనుకోవడం దేన్నీ తేల్చవు. అసలు తేనె కూడా పేరుకుంటుంది.

కళ్లముందు పిండిన పట్టుతేనె అయితే సరేనా? కల్తీ భయం పోతుంది గానీ, బొట్యులిజం కలిగించే బాక్టీరియా బీజాలు స్వచ్ఛమైన తేనెలోనూ ఉండవచ్చు. కాచితే ఎంజైము పోతుంది, బీజాలు మిగులుతాయి. అందుకే వైద్యానికి వాడే తేనెను గామా కిరణాలతో శుద్ధి చేస్తారు. సుశ్రుతుడి కాలం నుంచీ వాడలేదా అంటే, వాడారు. కానీ గాయంతో వచ్చే ధనుర్వాతానికి అప్పుడు టీకా లేదు, ఇప్పుడుంది; అప్పటి వాడుకే ఇప్పటికీ కొలత కాదు. కాలిన చోట మొదట 20 నిమిషాలు చల్లని నీటి ధార పట్టాలి. పరిటాల క్రషర్ల దగ్గర రాయి దిగిన కాలికైనా, షుగరు రోగి పాదం పుండుకైనా తేనె రాసి ఎదురుచూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. షుగరు వల్ల స్పర్శ తగ్గిన పాదంలో చీము ఎముక దాకా పోయినా నొప్పి తెలియకపోవచ్చు.