చెరువు నీటిమట్టం – పక్షి పరిశీలన: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు

1. ఉపోద్ఘాతం:

చెరువులో ఎన్ని పక్షులు కనిపించాయన్న లెక్క ఒక్కటే ఆ చెరువు స్థితిని చెప్పదు. ఏ జాతి పక్షి, ఏ నెలలో, ఎంత లోతు నీటిలో మేత మేసిందన్నది అంతకంటే బలమైన ఆధారం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల పక్షి పరిశీలనను ఈ దృష్టితో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ప్రాంత నేపథ్యం:

వానలకు నిండి, వేసవికి అడుగంటడం వర్షాధారపు చెరువుల స్వభావం. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైన తరువాత ఈ క్రమం మారింది. ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతాలను వరి మాగాణంగా మార్చింది. సూర్యాపేట వైపు మూసీ ప్రాజెక్టు ఆయకట్టు ఏర్పడింది. హైదరాబాదు మురుగునీటి భారాన్ని మోసుకొచ్చే మూసీ, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీత చెరువుల నిల్వ సామర్థ్యాన్ని పెంచింది.

3. నీటి లోతు – పక్షి జాతులు:

పక్షి కాలు, మెడ, ముక్కుల పొడవును బట్టి దాని మేత స్థలం నిర్ణయమవుతుంది. చిన్న ఉల్లంకి పిట్టలు తడి బురదలోనూ, సుమారు 5 సెంటీమీటర్ల లోపు నీటిలోనూ పురుగులను ఏరుకుంటాయి. సూదితోక బాతు తల ముంచి, మెడ అందినంత లోతులోనే మేస్తుంది. నీటికాకి మునిగి చేపలను పడుతుంది. శీతకాలమంతా చెరువు నిండుగా ఉంటే శిఖం అంచులోని బురద మునిగిపోతుంది. ఉల్లంకులు తరలిపోతాయి, నీటికాకులు నిలుస్తాయి. మొత్తం సంఖ్య తగ్గకపోవచ్చు, పెరగనూవచ్చు. కానీ ఒక ఆవాసం అదృశ్యమైనట్టే. పూడిక తీసిన చోట గట్టు వాలు నిటారుగా ఉంటే ఇదే ఫలితం.

పోషకాలు ఎక్కువైన నీటిలో గుర్రపు డెక్క విస్తరిస్తుంది. అది నీలి బొల్లికోడికి ఆశ్రయమిచ్చినా, బాతులకు కావలసిన తెరపి నీటిని కమ్మేస్తుంది. వరి మడులు నత్తగుల్ల కొంగకు మేతనిస్తాయి. అయితే మడిలో నీరు పంట దశను బట్టి ఉంటుంది కనుక అవి చెరువుకు పూర్తి ప్రత్యామ్నాయం కావు.

4. నమోదు పద్ధతి:

1931–32లో సలీం అలీ నిర్వహించిన హైదరాబాదు రాజ్య పక్షి సర్వే, సాగర్ కాలువలకు పూర్వపు స్థితికి విలువైన ఆధారం. 1987 నుంచి ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతోంది. ఒక్క జనవరి లెక్క నీటిమట్టపు మార్పును పట్టుకోలేదు. కాబట్టి నెలకొకసారి, ఒకే చోట, ఒకే సమయంలో, ఒకే వ్యవధిలో పరిశీలించాలి. తూము వద్ద నీటిమట్టం, బురద అంచు వెడల్పు, డెక్క విస్తీర్ణం, పంట దశలను పక్షుల జాబితా పక్కనే రాయాలి. కనిపించని జాతుల వివరం కూడా సమాచారమే.

5. ముగింపు:

1971 నాటి రామ్‌సర్ ఒప్పందం కృత్రిమ జలాశయాలను సైతం చిత్తడి నేలలుగా గుర్తిస్తుంది. భారతదేశపు 2017 నియమాలు మాత్రం సాగునీటి కోసమే నిర్మించిన కట్టడాలను, వరి పొలాలను ఆ నిర్వచనం నుంచి మినహాయించాయి. ఈ ప్రాంతపు నీటి వనరులలో అధిక భాగం ఈ రెండు కోవలవే. చట్టం చూడని ఆవాసానికి స్థానిక నమోదులే సాక్ష్యం. రైతుకు నీరు తగ్గకుండా, చెరువు ఒక అంచునైనా పల్లపు వాలుగా ఉంచాలని కోరడానికి ఏళ్ల తరబడి సాగిన ఇటువంటి నమోదులు అవసరం. స్థానిక కళాశాలల జంతుశాస్త్ర విభాగాలు ఈ పనిని చేపట్టదగినవి.