సెలవుల పోస్టుకార్డు

ఇంగ్లీషు తరగతిలో పిల్లలచేత చేయించే అభ్యాసాలలో సెలవుల పోస్టుకార్డు ఒకటి. ఒకవైపున బొమ్మ గీయవలె. రెండవవైపున ఎడమభాగంలో నాలుగు మాటలు వ్రాసి, కుడిభాగంలో తపాలాబిళ్లకు చోటు వదలి చిరునామా నింపవలె. పైకి ఆటవలె కనిపించే పని. కాని ఎనుమాముల వంటి చోట ఒక పిల్ల ఆ కార్డు ముందు కూర్చున్నప్పుడు మొదట ఎదురయ్యే చిక్కు వ్యాకరణానిది కాదు. “సెలవులకు ఎక్కడికీ వెళ్లలేదే, ఏమి వ్రాయను?” అన్నదే ఆ చిక్కు.

మాదిరి కార్డులలో సముద్రతీరమో మంచుకొండలో ఉంటాయి. చూడనివాటిని చూసినట్లు వ్రాసినా మార్కులు రావచ్చును. కాని ఆ భాష అరువు సొమ్ముగానే మిగులుతుంది. 2022-23 విద్యాసంవత్సరం నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమం విస్తరించినది. ఇంట ఆ భాష వినపడని పిల్లలు ఎందరో ఇప్పుడు అందులోనే చదువుతున్నారు. వారికి ఇది చిన్న సంగతి కాదు.

వ్రాయడానికి సరుకు లేకనా? ఎనుమాముల మార్కెట్ యార్డులో మిరప రాసులు పోసిన దినాన ఆ ఎరుపును మించిన బొమ్మ ఏమున్నది? వరంగల్ చపాటా మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. టమాటావలె గుండ్రన, రంగు ఎక్కువ, కారం తక్కువ. ఇంతమాత్రం ఇంగ్లీషులో చెప్పగలిగితే కార్డు సగం నిండినట్లే. ఇక దసరా సెలవులలో హనుమకొండ వేయిస్తంభాల గుడి ముంగిట ఆడే బతుకమ్మ ఉన్నది. ఆ పేరుకు ఇంగ్లీషు మాట లేదు. తంగేడు, గునుగు పూలను వరుసలుగా పేర్చడం, చుట్టూ తిరుగుతూ పాడడం, చివరకు నీటిలో విడవడం, ఒక్కొక్కటే విడమరచి చెప్పవలె. అసలైన భాషాభ్యాసం అదే గదా!

కార్డు స్వభావమే పొదుపు. 1869 అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీలో పుట్టిన ఈ సాధనం 1879లో పావు అణాకు మన దేశంలో ప్రవేశించినది. బొమ్మకార్డు వెనుకవైపును రెండుగా విభజించి, చిరునామా పక్కనే కబురు వ్రాసుకొనే వీలు బ్రిటనులో 1902లో కలిగినది. ఆ కొద్దిచోటనే క్షేమసమాచారమంతా ఇమడవలె. “ఉభయకుశలోపరి” అని ఒక్క మాటతో ఆ పని ముగించిన తెలుగువారికి ఈ విద్య కొత్త కాదు. “మీరూ ఇక్కడ ఉంటే ఎంత బాగుండును” అనడం ఇంగ్లీషు కార్డుల ఆనవాయితీ. ఆ ఆత్మీయతనూ పిల్లలు గ్రహించవలె.

అయితే, దిద్దిన కార్డు పుస్తకంలోనే ఉండిపోతే అది లెక్కకు మరొక అభ్యాసమే. 1972లో వచ్చిన 6 అంకెల పిన్‌కోడుతో చిరునామా సరిగా వ్రాయించి, బిళ్ల అంటించి, తపాలాపెట్టెలో వేయించవలె. మరొక ఊరి బడిలో తనవంటి పిల్ల దానిని చదివి, “ఆ మిరపకాయ నిజంగా అంత గుండ్రంగా ఉంటుందా?” అని తిరుగుటపాలో అడిగిననాడు, ఎనుమాముల పిల్లకు ఇంగ్లీషు పరాయిభాషగా తోచదు.